పసుపు పూసిన నాలుగు డిస్కులు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట. చెప్పేవాడు తాను ఎప్పుడూ చూసి ఉండడు. వాడి మేనమామ చూసి ఉంటాడు, లేదంటే మేనమామ దోస్తు చూసి ఉంటాడు. ఆ దోస్తు ఆ పూట కల్లు తాగాడా లేదా అని అడిగితే మాత్రం మనమే చెడ్డవాళ్లం అవుతాం.

నాకు నిజామాబాద్‌లో కంప్యూటర్ రిపేరు, సీసీ కెమెరాల దుకాణం ఉంది. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. జనం యంత్రాలకు చేసే మర్యాదలు చూసీ చూసీ నాకు మనుషుల మీదే చులకన పుట్టింది. కెమెరా రికార్డరుకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టి, గాలి ఆడే కన్నాలు మూసేసి, "వేడెక్కుతున్నది సారూ, ఎవడో ఏదో చేసిండు" అన్న రైస్‌మిల్లు సేటును ఎరుగుదును. కొత్త ప్రింటరు ముందు కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు తిన్నగా ప్రింటరు కడుపులోకే పంపిన జిరాక్సు షాపాయనను ఎరుగుదును. అందరికీ నేను చెప్పేది ఒకటే. యంత్రానికి భక్తీ తెలియదు, పగా తెలియదు. తప్పు ఎప్పుడూ మనిషిదే.

ఈ మాట మీద నాకు ఇప్పటికీ నమ్మకం ఉంది. కింద రాసింది జరిగాక కూడా ఉంది. అందుకే ఇది రాయాలంటే ఇంత చిరాకు పుడుతోంది.

మా అక్క ఉండేది బోధన్‌లో, రాకాసిపేటలో. పేరు చూసి జడుసుకోవాల్సిన పని లేదు. భీముడు బకాసురుణ్ని చంపింది ఈ ఊళ్లోనే అని చెప్పుకుంటారు, అంతే. ఇరవై ఏళ్లుగా ఆ ఇంటికి పోతున్నాను. దోమలు తప్ప నెత్తురు తాగేదాన్ని దేన్నీ అక్కడ చూడలేదు.

అక్క భర్త లింబాద్రి బావకు ఊళ్లో ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లి వీడియోలు తీసేవాడు. బోధన్‌లోనే కాదు, రెంజల్ దాకా పల్లెల్లో ఆయన కెమెరా లేకుండా పుస్తె కట్టిన వాళ్లు తక్కువ. మనిషి మంచివాడే. కానీ తొందర అన్నది ఎరగని మనిషి. ఒక్క ఫోటో కోసం పెళ్లికూతురి గదవను అటు తిప్పీ ఇటు తిప్పీ, వడ్డించిన అన్నం చల్లారిపోయేదాకా నిలబెట్టేవాడు. నాకు ఆయన పని ఒక పనిలా కనిపించేది కాదు. ఆ మాట దాచుకోకుండా మొహం మీదే అనేవాణ్ని కూడా.

కొన్నేళ్ల కింద ఆయన ఒక పెట్టె తెప్పించుకున్నాడు. నాలుగు హార్డ్‌డిస్కులు పట్టే చిన్న సర్వరు. ఇంట్లో ఒక మూల పెట్టుకుంటే ఫోటోలు, వీడియోలు అన్నీ అందులో భద్రంగా ఉంటాయి. ఇంట్లో ఏ కంప్యూటరులోనైనా బ్రౌజర్ తెరిచి, దాని పేజీలోకి పోయి చూసుకోవచ్చు. బావమరిది ఇదే వ్యాపారంలో ఉండగా, ఈయన హైదరాబాద్ నుంచి తెప్పించి, వీడియోలు చూసి నేర్చుకుని సొంతంగా బిగించుకున్నాడు. నాకది చాలా రోజులు కడుపులో మండింది. ఇప్పటికీ కొంచెం మండుతూనే ఉంది.

ఆ పెట్టె వచ్చాక ఆయన ఇంకో పిచ్చి పని మొదలుపెట్టాడు. స్టూడియో అటక మీద పాత వీడియో క్యాసెట్లు వందల్లో ఉండేవి. ఒక్కొక్కటి ఆడించి పెట్టెలోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. మూడు గంటల క్యాసెట్ ఎక్కాలంటే మూడు గంటలు పడుతుంది. పెళ్లిళ్లు లేని ఆషాఢాలన్నీ దాని ముందే కూర్చున్నాడు.

"ఎవడు చూస్తడు బావా గివి? ఆ పెండ్లాం మొగుళ్లే చూడరు," అన్నాను ఒకసారి.

"సూడకుంటె మానె. ఉండాలె గదా," అన్నాడు.

పని పూర్తయ్యాక క్యాసెట్లకు బూజు పట్టిందని, ఇంట్లో పెట్టుకుంటే రోగాలని చెప్పి కబాడీకి వేయించింది నేనే. ఒక ఆటో నిండా పోయాయి. అంటే ఆ పాత పెళ్లిళ్లన్నీ ఇక ఆ పెట్టెలో తప్ప ఎక్కడా లేవు.

బావ చనిపోయి రెండున్నరేళ్లు. పొద్దున్నే పెళ్లి షూటింగుకు పోతూ నిజాంసాగర్ కాలువ గట్టు మీద బండి జారింది. బండి దొరికింది. కెమెరా సంచి గట్టు మీదే దొరికింది. ఆయన మర్నాడు, రెండు తూముల అవతల దొరికాడు. ఫోను మాత్రం దొరకలేదు. కాలువ కట్టేశాక కూడా బురదలో వెతికించాం. దొరకలేదు.

ఆయన పోయిన నెలకు నేనే వచ్చి, పెట్టెలో ఉన్నదంతా ఒక పెద్ద డిస్కులోకి నకలు తీసి మా దుకాణం బీరువాలో పెట్టాను. ఉన్నదంతా అన్నాను కదా, ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక మొన్నటి మాఘమాసం. అక్క ఫోన్ చేసి పెట్టె పేజీ తెరుచుకోవడం లేదంది.

"ఏమన్న నొక్కినవా?"

"నేనేం నొక్కలే తమ్మీ."

పద్దెనిమిదేళ్లలో "నొక్కాను" అన్న మనిషి నాకు తగల్లేదు. కాసేపు గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది.

"ఎర్ర సుక్క ఒకటి వచ్చి కూసున్నది. పదిరోజుల సంది కండ్లల్ల పొడుస్తున్నది. నొక్కితే పోతదనుకున్న. గంట సేపు గిరగిర తిరిగింది, ఇగ అంత తెల్లగైంది."

ఆ ఎర్రచుక్క సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. నడుస్తున్న బండిని ఆపి ఇంజను విప్పడమే అప్‌డేట్ అంటే. కంపెనీవాళ్లకు పని లేక పంపిస్తారు, వీళ్లు పని లేక నొక్కుతారు. తీరిక దొరికినప్పుడు వస్తానన్నాను. అక్క ఒప్పుకోలేదు. రెంజల్ సాయవ్వ మనుమరాలి పెళ్లి బుధవారం, లోపల సాయవ్వ బిడ్డ పెళ్లి వీడియో ఉంది, అందులోంచి ఒక ఫోటో తీసివ్వాలి, మాట ఇచ్చేశాను అంది. ఆదివారం పొద్దున్నే బండి తీయక తప్పలేదు. ఊళ్లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయినా చెరుకు ట్రాక్టర్లు మాత్రం రోడ్డు వదలవు. దూరపు ఫ్యాక్టరీలకు పోయే ఆ బండ్ల వెనక దుమ్ము తింటూ బోధన్ చేరేసరికి నా ఓపిక సగం అయిపోయింది.

సాయవ్వ అప్పటికే వచ్చి అరుగు మీద కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఊరు దాటి వచ్చినా చేతులు మాత్రం ఆగలేదు, బీడీలు చుడుతూనే ఉంది.

మా వైపు ముత్తయిదువగా పోయిన తల్లి ఉంటే, కూతురి పెళ్లికి ముందు ఆ తల్లి పటం ముందు కొత్త చీర పెట్టి మొక్కి, అదే చీర పెళ్లికూతురికి కట్టిస్తారు. పటం లేనివాళ్లు చెంబు పెట్టి కానిస్తారు. సాయవ్వ బిడ్డ పద్మ, పిల్ల పాలు మరవకముందే జ్వరంతో పోయింది. పెళ్లి ఆల్బమ్ ఉండేది కానీ ఇల్లు కురిసి, తడిసి, ఫోటోలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయట. ఇంకెక్కడా ఆమె ఫోటో లేదు.

"చెంబు పెట్టుకుని కానియ్యరాదా? ఇరవై ఏండ్లు లేనిది ఇప్పుడు యాదికొచ్చిందా?" అన్నాను.

"ఇరవై ఏండ్లు బీడీలు చేసిన బిడ్డా," అంది ఆమె. కోపంగా అనలేదు. "సెంబుకు మొక్కమంటె పోరి ఏడుస్తున్నది. తల్లి మొకం దానికి ఎట్లాగు తెల్వది. గిప్పుడు నాక్కూడ యాదికొస్తలేదు. కండ్లు మూసుకుంటె సీర కనవడతది, సేతులు కనవడతయి. మొకం వస్తలేదు."

లోపలికి పోయి లాప్‌టాప్ తెరిచాను.

తెల్ల పేజీ సంగతి పది నిమిషాల్లో తేలిపోయింది. అప్‌డేట్ తర్వాత పెట్టె తన చిరునామా మార్చుకుంది, బ్రౌజరేమో పాత చిరునామాలో పాత పేజీనే పట్టుకుని వేలాడుతోంది. ఇల్లు ఖాళీ చేసి పోయినవాళ్ల తలుపు కొడుతున్నట్టు. వైఫై రౌటరులోకి పోయి కొత్త చిరునామా చూసి, బ్రౌజర్ దాచుకున్న చెత్తంతా తుడిచి మళ్లీ కొట్టాను. లాగిన్ పేజీ వచ్చింది. "మీ అనుభవాన్ని మరింత మెరుగుపరిచాం" అని పైన రాసి ఉంది. వాళ్ల మొహం.

పెట్టెకు మొత్తంగా ఉన్నది ఒకటే యూజర్, బావది. పాస్‌వర్డ్ ఆయన గోడ క్యాలెండర్ వెనక రాసి పెట్టాడు. ఎవరైనా చూస్తారన్న జ్ఞానం ఉంటే కదా. దాంతో లోపలికి పోయాను.

పేజీలో నాలుగు డిస్కుల గుర్తులూ ఎర్రగా ఉన్నాయి. ఇవి గుర్తు తెలియని డిస్కులు, వాడాలంటే కొత్తగా సిద్ధం చేయాలి, వాటిలో ఉన్నదంతా చెరిగిపోతుంది, ఒప్పుకుంటే టిక్ పెట్టండి అని రాసి ఉంది.

నేను కంగారు పడలేదు. అప్‌డేట్ డిస్కుల లెక్క చెడగొట్టింది, దుకాణంలో నకలు ఉంది, ఇవి చెరిపేసి మళ్లీ ఎక్కిస్తే సరి అనుకున్నాను. పద్దెనిమిదేళ్ల అనుభవం మరి. సాయంత్రానికి ఫోటో వస్తుందని అరుగు మీదికి వినిపించేలా అరిచాను కూడా. టిక్ పెట్టాను. పాస్‌వర్డ్ మరోసారి కొట్టమంది, కొట్టాను. "సరే" మీద నొక్కాను.

నొక్కీ నొక్కగానే లాగిన్ పేజీ వచ్చింది. "ఇదే యూజర్ మరో పరికరం నుంచి లాగిన్ అయినందున మీరు బయటికి వచ్చారు" అని రాసి ఉంది. టైము పదకొండు నలభై. ఇంటినిండా ఎండ. ఇది దయ్యాలు తిరిగే వేళ కాదని చెప్పడానికే ఈ వివరం రాస్తున్నాను.

పెట్టెలో అలాంటి ఏర్పాటు ఉంటుంది. ఒకే పేరుతో ఇద్దరు ఎక్కితే ముందువాణ్ని దించేస్తుంది. అక్క ఫోనేమో అనుకుని వంటింట్లోకి పోయి చూశాను. అక్క రొట్టెలు కొడుతోంది, ఫోను ఫ్రిజ్ మీద చార్జింగులో ఉంది, దాన్ని ఎవరూ ముట్టలేదు. మళ్లీ వచ్చి లాగిన్ అయ్యాను, టిక్ పెట్టాను, నొక్కాను. మళ్లీ బయటికి.

ఈసారి రౌటరులో జాబితా తెరిచాను. ఆ ఇంటి వైఫైలో ఎవరెవరు ఉన్నారో అందులో కనిపిస్తుంది. నా లాప్‌టాప్. అక్క ఫోను. టీవీ. నాలుగోది, పేరు "లింబాద్రి".

"అక్కా, బావ ఫోను దొరికిందా?" అని అడిగాను.

"యాడ దొరికింది, కాలువల పాయె గదా." రొట్టె కొట్టే చప్పుడు ఆగింది. "ఎందుకు అడిగినవ్?"

"ఊకెనే."

నాకు నవ్వొచ్చింది. ఎవడో కాలువలో ఫోను దొరకబుచ్చుకుని, ఆరబెట్టుకుని, ఈ వీధిలోనే వాడుకుంటున్నాడని అనుకున్నాను. పీనుగు మీది సొమ్ము తినేవాడికి దాని పేరు మార్చే తెలివి కూడా లేదని ఎగతాళి చేసుకుంటూ వీధి తలుపు దాకా పోయి అటూ ఇటూ చూశాను. ఎదురింటి గోడ మీద పిల్లి తప్ప ఎవరూ లేరు.

అప్పుడు గుర్తొచ్చింది. నిరుడు పిడుగుకు ఆ ఇంటి రౌటరు కాలిపోతే కొత్తది పెట్టింది నేనే. పేరు కొత్తది, పాస్‌వర్డ్ కొత్తది. బావ ఫోనుకు తెలిసింది పాత రౌటరు. కొత్తదానితో దానికి పరిచయమే లేదు.

అయితే అక్క ఎవరికో పాస్‌వర్డ్ చెప్పి ఉంటుంది అనుకున్నాను. అక్కడికక్కడే వైఫై పాస్‌వర్డ్ మార్చేశాను. పద్నాలుగు అక్షరాలు, ఏ అర్థమూ లేనివి. నోటితో పలకలేదు, కాగితం మీద రాయలేదు. మార్చగానే అక్క ఫోను పోయింది, టీవీ పోయింది. జాబితాలో నా లాప్‌టాప్ ఒక్కటే మిగిలింది. రెండుసార్లు చూసుకున్నాను. పెట్టె పాస్‌వర్డ్ కూడా మార్చేద్దామంటే డిస్కులు సిద్ధం చేస్తే తప్ప కుదరదంది.

పన్నెండూ ఐదుకు మూడోసారి టిక్ పెట్టి, పాస్‌వర్డ్ కొట్టి, నొక్కాను.

"ఇదే యూజర్ మరో పరికరం నుంచి లాగిన్ అయినందున మీరు బయటికి వచ్చారు."

జాబితా తెరిచాను. రెండు పేర్లున్నాయి. నా లాప్‌టాప్, లింబాద్రి.

భయం వేయలేదని రాస్తే అబద్ధం అవుతుంది. కానీ భయం కంటే కోపం ఎక్కువగా వచ్చింది. నా వృత్తిలో, నా చేతికింద, నేను పెట్టిన రౌటరులో ఎవడో నన్ను ఆట పట్టిస్తున్నాడు. ఆ కోపంలోనే పెట్టె వైరు గోడలోంచి పీకేశాను. డిస్కులు తీసి దుకాణానికి పట్టుకుపోయి అక్కడే చెరిపేద్దామనుకున్నాను. మొదటి డిస్కు బయటికి లాగాను.

పసుపు. డిస్కు పైన నిండుగా పసుపు పూసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి ఉంది. రెండోది లాగాను. పసుపు, బొట్టు. నాలుగూ అంతే. ఎండి, పెచ్చులు కట్టి ఉంది.

"అక్కా! ఇదేంది?"

అక్క పిండి చేతులతో వచ్చి చూసింది. "దసరాకు పెట్టిన."

"డిస్కులు గుంజి పెట్టినవా?"

"మీ బావ పైన డబ్బకే పెట్టేటోడు. నాకు మనసున పట్టలే. నాగలికి పూజ జేస్తె కర్రుకు పెడతం గని కొట్టానికి పెడతమా? లోపలున్నయే గదా అసలు పనిముట్లు. నాల్గు తీసి, తుడిసి, పీట మీద వెట్టి మొక్కి, మల్ల లోపల వెట్టిన. మంచిగనే నడిసింది గదా ఇన్ని దినాలు."

"ఏది యాడిదో సూసి పెట్టినవా?"

"అన్ని ఒక్క తీర్గనే ఉన్నయి. ఏది యాడుంటె ఏంది?"

రైస్‌మిల్లు సేటును, జిరాక్సు షాపాయనను తిట్టిన తిట్లన్నీ నా నోట్లోకి వచ్చాయి. దసరాకు మా వైపు పనిముట్లను ఆ పూట పనిలో పెట్టం, పూజ చేస్తాం. కత్తికీ, కుట్టుమిషనుకూ అది సరిపోతుంది. కానీ ఇందులో ఒకే ఫైలు ముక్కలై నాలుగు డిస్కుల్లో పరుచుకుని ఉంటుంది. పాత సాఫ్ట్‌వేర్ ఏ డిస్కు ఏ గూట్లో ఉన్నా తడుముకుంటూ కలుపుకునేది. కొత్తది గూళ్ల వరస చూస్తుంది, తప్పితే ఇవి నావి కావంటుంది. జరిగింది అంతే. డిస్కులు చెడిపోలేదు. చెరపాల్సిన అవసరమే లేదు. మూడుసార్లు నొక్కబోయింది నేను.

ఇప్పుడు ఏది ముందు, ఏది వెనక? గోటితో ఒక దాని మీది పసుపు గీకాను. కింద పెన్సిల్ గీత కనిపించింది. తడిగుడ్డ పెట్టకుండా, మెల్లగా, పెచ్చు పెచ్చుగా ఊడదీశాను. బావ రాత. తలకట్టు కొంచెం పొడుగ్గా లాగే ఆ రాత నాకు తెలుసు. "మూడు, ఎడమ నుంచి." రెండోదాని కింద "ఒకటి". తర్వాత "నాలుగు". తర్వాత "రెండు". అంకెలు కాదు, అక్షరాల్లోనే రాశాడు, ఎవరూ తప్పు చదవకుండా. నేను బిగించే పెట్టెల మీద ఇలా ఒక్కసారి కూడా రాయలేదు.

వరసగా పెట్టి వైరు గుచ్చాను. ఐదారు నిమిషాలు దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. తర్వాత చిన్నగా ఒక కూత. లాగిన్ అయ్యాను. నాలుగు గుర్తులూ ఆకుపచ్చగా ఉన్నాయి. నన్నెవరూ బయటికి పంపలేదు. రౌటరు జాబితా చూశాను. నా లాప్‌టాప్ ఒక్కటే ఉంది.

"క్యాసెట్లు" అన్న ఫోల్డరులో పేర్లన్నీ తెలుగులోనే ఉన్నాయి. పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లు కావు, ఊరూ ఇల్లూ గుర్తులు. "ఎడపల్లి, కిరాణం వాళ్ల పెద్దపిల్ల." "రెంజల్, బీడీల సాయవ్వ బిడ్డ." నేనైతే నంబర్లు వేసి ఉండేవాణ్ని.

సాయవ్వను లోపలికి పిలిచి వీడియో పెట్టాను. పసుపు బట్టల్లో సన్నటి పిల్ల, తల వంచుకుని ఉంది. కెమెరా వెనక నుంచి బావ గొంతు, "జర గదవ పైకి లేపు బిడ్డా" అంది. ఆ గొంతు విని అక్క తలుపు పట్టుకుని నిలబడిపోయింది. పిల్ల తలెత్తింది. ఆయన ఎప్పటిలాగే అటు తిప్పించాడు, ఇటు తిప్పించాడు. ఆ పిల్ల విసుగొచ్చి నవ్వేసింది. "సాలు తియ్యన్నా, ఆకలైతున్నది," అంది.

సాయవ్వ చాట కింద పెట్టింది. పొద్దుటి నుంచి ఆమె చేతులు ఖాళీగా ఉండడం అదే మొదటిసారి.

"గిదే. గిదే నవ్వు," అంది. ఏడవలేదు. "మల్లొక్కపారి పెట్టు బిడ్డా." ఏడెనిమిది సార్లు పెట్టాను. ఏ ఒక్కసారీ విసుగు రాలేదు. తలెత్తి నవ్విన చోట ఆపి ఫోటో తీశాను. అచ్చు వేసిచ్చాను. బుధవారం ఆ పటం ముందే చీర పెట్టారని అక్క చెప్పింది.

సాయవ్వ పోయాక పెట్టెలోని పాత నమోదులు తెరిచాను. ఎవరు ఎప్పుడు ఎక్కారో అన్నీ అందులో ఉంటాయి. ఆ రోజువి మూడున్నాయి. పదకొండు నలభై, పదకొండు యాభై రెండు, పన్నెండూ ఐదు. ప్రతి పరికరానికీ పన్నెండు అక్షరాల ఒక గుర్తు ఉంటుంది. వెనక్కి పోయి, బావ బతికున్నప్పటి నమోదులు తీసి పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్క అక్షరం తేడా లేదు. అలాంటి గుర్తును నకలు చేయొచ్చని నాకు తెలుసు. కానీ అంత విద్య వచ్చినవాడు, నేను మనసులో పెట్టుకున్న పద్నాలుగు అక్షరాలు కూడా పట్టుకున్నవాడు, దొంగతనం ఏమీ చేయకుండా నన్ను మూడుసార్లు గెంటి ఎందుకు ఊరుకుంటాడు? హైదరాబాద్‌లో ఇదే పని చేసే దోస్తును అడిగాను. ఏదో బగ్ అయి ఉంటుందన్నాడు. సమాధానం తెలియనప్పుడు నేను కస్టమర్లకు చెప్పే మాట కూడా అదే.

ఆ సాయంత్రం దుకాణానికి పోయి బీరువాలోని నకలు డిస్కు తీశాను. ఉన్నదంతా నకలు తీశానని మొదట్లో అన్నాను కదా. తెరిచి చూస్తే పెళ్లిళ్ల ఫోల్డర్లున్నాయి, స్టూడియో ఫోటోలున్నాయి. "క్యాసెట్లు" లేదు. అప్పుడు గుర్తొచ్చింది. నకలు తీసే రోజు అది బాగా బరువుగా ఉంది, రాత్రంతా పట్టేట్టు ఉంది. ఎవడు చూస్తాడులే అని దాని టిక్ తీసేసింది నేనే. ఆ మధ్యాహ్నం నా నొక్కుడు పారి ఉంటే ఆ పిల్ల మొహం భూమ్మీద ఎక్కడా మిగిలేది కాదు. ఆ సంగతి నాకు తెలిసేది కూడా కాదు, సాయంత్రం దాకా.

బావ బతికున్నన్నాళ్లూ నేను ఆయన పనిని ఒక్కసారీ మెచ్చుకోలేదు. ఆ రాత్రి దుకాణంలో కూర్చుని సిగ్గుపడ్డాను. చెప్పుకోవడానికి ఆయన లేడు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. ఆ మూడు నమోదులకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. క్యాసెట్ల ఫోల్డరుకు ఇప్పుడు రెండు నకళ్లు తీశాను, డిస్కుల మీది పెన్సిల్ రాతను పెన్నుతో దిద్దాను. దసరాకు పైన డబ్బాకే బొట్టు పెట్టమని అక్కకు చెప్పాను. పెట్టెలో ఆ యూజర్ పేరు తీసేసి అక్క పేరు పెట్టాలి, పద్ధతి ప్రకారం. పోయిన వారం పేజీ తెరిచి, "లింబాద్రి" పక్కన ఉన్న "తొలగించు" దగ్గరికి పోయాను. నొక్కలేదు. అలాగే ఉంచి, పేజీ మూసేసి వచ్చాను.